బోధన ఎర చేపల దగ్గర మొదలుకావాలి

చిన్న దీవుల మత్స్యకారులకు చేపల సంపద తరిగిపోని వేట పద్ధతులు నేర్పాలన్న వాదనతో నేను ఏకీభవిస్తున్నాను, అయితే ఆ బోధన వారికి తెలిసినదాని నుంచే మొదలుకావాలి. లక్షద్వీప్‌లోని మినికాయ్ జాలర్లు తరతరాలుగా గాలపు కర్రతో ట్యూనా అనే సముద్రపు చేపలను ఒక్కొక్కటిగా పడుతున్నారు కనుక, అక్కరలేని జీవులు వలలో చిక్కి చనిపోయే నష్టం అక్కడ చాలా తక్కువ. అసలు చిక్కు ఎర దగ్గర ఉంది: ట్యూనాల గుంపును పడవ వద్దకు రప్పించేందుకు ప్రాణంతో వెదజల్లే చిన్న చేపలు పగడపు దిబ్బల నడుమ ఉన్న లోతులేని నీటి నుంచే రావాలి, ఆ దిబ్బలు దెబ్బతింటే పెద్ద వేటా కుంటుపడుతుంది. శిక్షణలో అధిక సమయం దీనికే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

కళ్లారా చూసిన ఫలితం కూడా మంచి బోధనే. మడగాస్కర్ దీవి నైరుతి తీరంలో 2004లో ఒకచోట ఆక్టోపస్ వేటను కొన్ని నెలలు ఆపారు. తిరిగి తెరిచాక వచ్చిన మంచి ఫలితాన్ని చూసిన చుట్టుపక్కల గ్రామాలు అదే కట్టుబాటును తామే పెట్టుకున్నాయి.

హైదరాబాద్‌లో, రాంనగర్ మార్కెట్‌లో చేపలు కొనే మనకూ ఇందులో బాధ్యత ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమలయ్యే రోజుల్లో సముద్రపు చేపే కావాలని పట్టుబట్టకుండా చెరువు చేపలు కొనవచ్చు.