ఏం జరిగిందన్నదే మిగతా కథ

కృష్ణానగర్‌లో ఏడేళ్లుగా అద్దె కడుతున్న హక్కుతో, ఒక్క సినిమా కూడా రిలీజ్ కాని అనుభవంతో, లాగ్‌లైన్ అనే సీరియస్ సబ్జెక్టు మీద నాలుగు ముక్కలు రాస్తున్నా. కొత్తగా బస్సు దిగే తమ్ముళ్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

హాలీవుడ్ వాళ్ల లెక్కలో లాగ్‌లైన్ అంటే కథంతా ఒక్క వాక్యం, మహా అయితే రెండు, ఓ పాతిక ముప్పై మాటల్లో తేలిపోవాలి. ఎవరి కథ, వాడికేం కావాలి, అడ్డం ఎవరు, దక్కకపోతే ఏం పోతుంది, అంతే. మనిషి పేరు కూడా చెప్పరంట, "పిరికి పోస్ట్‌మాన్" అనో "అప్పులపాలైన డాక్టరమ్మ" అనో వృత్తికి ఒక లోపం తగిలించి వదులుతారు. అక్కడే మనకీ వాళ్లకీ చెడింది. మన హీరో పిరికివాడు ఎట్లా అవుతాడండీ, అప్పు ఉన్నా అది చెల్లెలి పెళ్లికి చేసిందై ఉండాలి, మన హీరోకి ఉండే ఏకైక లోపం అన్యాయం చూస్తే తట్టుకోలేకపోవడం.

వచ్చిన కొత్తల్లో నేనూ ఆ పద్ధతి నమ్మి చెడ్డవాణ్ణే. నా లైను ఇదీ: అనంతపురం పక్కన చీనీ తోటలు ఎండిపోతుంటే, పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు చెరో సగం అప్పు తెస్తారు, ఆ డబ్బుతో ఒక్క బోరే పడుతుంది, అది ఎవరి చేలో వేయాలి?

మొదటి ప్రొడ్యూసర్ గారు కళ్లు మూసుకుని విని "ఇద్దర్లో హీరో ఎవరు" అన్నారు. ఇద్దరూనండీ అన్నా. కాసేపు ఏసీ సౌండు మాత్రమే వినపడింది. తర్వాత "అయితే డ్యూయల్ రోల్ చేసేద్దాం" అన్నారు. రెండో ఆయనకి ఇంటర్వెల్ బ్యాంగ్ కావాలి, ఆరొందల అడుగుల దగ్గర నీళ్ల బదులు రక్తం పైకొస్తే ఎట్లా ఉంటుందని ఆయన అడుగుతుంటే పక్కనున్న నలుగురికీ గూస్‌బంప్స్ వచ్చేశాయి, జీతాలిచ్చేది ఆయనే కదా, రాక చస్తాయా. మూడో ఆయన మాత్రం నిజంగా అనుభవజ్ఞుడు. "బోరు అన్న మాట తీసెయ్ బాబూ, రివ్యూలు రాసేవాళ్లకి మనమే హెడ్డింగ్ ఇచ్చినట్టుంటుంది" అన్నారు. దానికి నా దగ్గర ఇప్పటికీ ఆన్సర్ లేదు.

ఇట్లా తీసెయ్యగా తీసెయ్యగా, అన్నదమ్ములు పోయి, చీనీ చెట్లు పోయి, నీళ్లు పోయి, చివరికి నా చేతికొచ్చిన లైను ఇది: ఓ మామూలు కుర్రాడి జీవితంలో అనుకోని సంఘటన జరుగుతుంది, దానివల్ల అతను ఏం కోల్పోయాడు, చివరికి ఏం సాధించాడు అన్నదే మిగతా కథ.

నవ్వకండి, టెస్ట్ చేసి చూడండి. 1957 నాటి మాయాబజార్‌కి పెట్టండి, అభిమన్యుడికి అతికినట్టు సరిపోతుంది. అసలు లైను, అంటే పెళ్లి చెడిపోతే పెళ్లికూతురి వేషంలో ఘటోత్కచుడు విడిదింట్లో దిగాడని ఇవాళ చెప్పి చూడండి, భారతం అంటున్నావ్, పాండవులు ఒక్కరూ కనపడట్లేదేంటి, భీముడి ఎంట్రీ ఎక్కడ అని వెనక్కి పంపిస్తారు. ఈగ సంగతీ అంతే. తొంభైల్లో విజయేంద్రప్రసాద్ గారు మనిషి మీద ఈగ పగబడితే అని సరదాకి అన్న మాటంట, 2012లో సినిమా అయి కూర్చుంది. ఒక్క ముక్క వినగానే ఎవడి కథో, ఎవడి మీద పగో, ఎంత కష్టమో చిన్నపిల్లాడికి కూడా అర్థమైపోతుంది, ఇంకేం సస్పెన్స్ మిగిలినట్టు? పైగా హీరో ఇంటర్వెల్ కాకముందే పోతాడు. ఆడింది కాబట్టి సరిపోయింది గానీ పద్ధతి ప్రకారం ఆడకూడదు.

నా కొత్త లైనుకి ఆ రిస్కే లేదు. ఏ హీరోకైనా చెప్పొచ్చు, ఏ బడ్జెట్‌కైనా సాగుతుంది, హీరో గారు మధ్యలో ఫోన్ చూసుకున్నా ఏమీ మిస్సవ్వరు. విన్నవాళ్లంతా "బాగుంది, డెవలప్ చెయ్" అన్నారు. నాలుగేళ్లుగా డెవలప్ చేస్తూనే ఉన్నా.

ఒక్కడితోనే తలనొప్పి. మా గల్లీ చివర టీ కొట్టాయనకి అప్పట్లో పొరపాటున పాత లైను చెప్పా. ఖాతా పెరిగిపోయిందని మొహం చాటేసి వెళ్తున్నా పట్టుకుంటాడు, డబ్బులడగడు, "ఇంతకీ బోరు ఎవరి చేలో ఏశారన్నా, నీళ్లు పడ్డాయా లేదా" అంటాడు. ఆ లైను కొట్టేశాం అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. మొన్న కొత్తది వినిపించా. మొత్తం విని, గ్లాసు కడుక్కుంటూ "సరే, అన్న ఒప్పుకున్నాడా మరి, తమ్ముడి చేలో ఎయ్యడానికి?" అన్నాడు. ఇండస్ట్రీ నాలెడ్జ్ బొత్తిగా లేని మనిషి.