అధిక మాసంలో పుడితే దోషమా?

పొద్దున ఫోన్ చూస్తే మూడు గ్రూపుల్లో అదే మెసేజ్. "మన పండుగలను పాడు చేస్తున్నారు, పదిమందికీ పంపండి" అని. పంపినవాళ్లు చదువుకున్నవాళ్లే, నా చుట్టాలే. ఈసారి ఊరుకోలేను.

సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14నే వచ్చేదట, కావాలనే 15కి మార్చారట. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఆయన పుట్టింది ఆ రోజే. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

జైనులు దీపావళిని మన దగ్గర ఎత్తుకుపోయారట. ఆ అమావాస్య నాడే పావాపురిలో మహావీరుడు నిర్వాణం పొందాడని వాళ్ల నమ్మకం, దీపాలు పెట్టేది అందుకే. మా పక్కింటి సేట్ కుటుంబం ఏటా వినాయక చవితి రోజుల్లో మా గడప దగ్గరకొచ్చి "మిచ్ఛామి దుక్కడం" అని చేతులు జోడిస్తుంది. ఏడాదిలో తెలిసో తెలియకో నొప్పించి ఉంటే క్షమించమని. వాళ్లను దొంగలనడానికి నోరెలా వచ్చింది?

అసలు కోపం మూడో మాట మీద. "మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, అప్పుడు పుట్టే బిడ్డకు దోషం, కాన్పు ముందే చేయించుకోండి."

అధిక మాసం లెక్క సరిచేయడానికి పెట్టుకున్న నెల. చాంద్రమానంలో ఏడాదికి 354 రోజులే, సౌరమానానికి 11 రోజులు తక్కువ. మొహర్రం నెలలో వచ్చే మన నెల్లూరు రొట్టెల పండుగనే చూడండి. 2018లో సెప్టెంబరులో చేశాం, 2025లో జూలై మొదటి వారంలోనే వచ్చేసింది. మొహర్రం లెక్కలో అదనపు నెల ఉండదు. మనవాళ్లు సుమారు 32 నెలలకోసారి ఒక నెల కలుపుతారు కాబట్టే ఉగాది ఏటా వేపపూత వేళకే వస్తోంది. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఆ నెలలో పెట్టుకోరు, సరే. కాన్పు ముహూర్తం చూసుకుని వస్తుందా?

2023లో అధిక శ్రావణం జూలై 18న మొదలైంది. మా చెల్లెలికి ఆగస్టు 5కి డేట్ ఇచ్చారు. ఇలాంటి మెసేజే చదివి మా అమ్మ 17లోపు ఆపరేషన్ చేసేయమని డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "లోపల బిడ్డ బాగుంది, మూడు వారాల ముందు ఎందుకు తీయాలమ్మా?" అందావిడ. ఆ రెండు వారాలూ అమ్మ సరిగా అన్నం తినలేదు, చెల్లెలికి టెన్షన్‌తో బీపీ పెరిగింది. పాప ఆగస్టు 3న పుట్టింది. అధిక మాసం తర్వాత వచ్చే అసలు నెల, అంటే నిజ శ్రావణంలో, బహుళ విదియ నాడు తిథి ప్రకారం పుట్టినరోజు చేస్తున్నాం. పాయసం వండేది మా అమ్మే.

ఆ మెసేజ్‌లో ఒక మాట మాత్రం నిజం. 2024 దీపావళి మనకు అక్టోబరు 31న, కొన్నిచోట్ల నవంబరు 1న చేశారు. పంచాంగకర్తలు తలో గణితం పట్టుకుని, ముందే కూర్చుని ఒక మాట మీదికి రావడం లేదు. ఆ విసుగు నాకూ ఉంది.

మా వీధిలో ఒకమ్మాయికి జూన్ మొదటి వారంలో కాన్పు. ఆమె ఉన్న గ్రూపులో ఈ మెసేజ్ పెట్టినవాళ్లు దయచేసి ఇప్పుడే తీసేయండి.