బాధ ఉంటే పిల్లలే చెబుతారన్న మాట నిజం కాదు

బడిలో తోటివారు ఏడిపిస్తే పిల్లలు ఇంటికొచ్చి తామే చెబుతారనీ, మార్కులు తగ్గనంతవరకు కంగారు అక్కర్లేదనీ, ఇలాంటివి తట్టుకుంటేనే గట్టిపడతారనీ ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో విస్తృతంగా తిరుగుతోంది. ఈ మూడు మాటలూ తప్పే. మొదటిది ప్రమాదకరం కూడా.

చాలామంది పిల్లలు చెప్పరు. చెబితే నాన్న బడికొచ్చి గొడవ చేస్తారనీ, ఆ తర్వాత వాళ్లు మరింత పగబడతారనీ, లేదా ‘నువ్వేం చేశావు?’ అని తమనే నిలదీస్తారనీ వారి భయం. నోరు దాచింది ఒంట్లోనో, సంచిలోనో బయటపడుతుంది. ఆదివారం సాయంత్రం మొదలైన కడుపునొప్పి సెలవనగానే తగ్గిపోతుంది, పెన్సిళ్లు తరచూ ‘పోతాయి’, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా సాయంత్రం బూట్లయినా విప్పకుండా బాత్రూంలోకి పరుగెత్తేది. మంచినీళ్ల సీసా నింపింది నింపినట్టే తిరిగొస్తోందని గమనించడానికి నాకు నెల రోజులు పట్టింది. బడి మరుగుదొడ్డిలోకి వెళితే పెద్ద పిల్లలిద్దరు బయట గడియ పెడుతున్నారన్న సంగతి, నేను జడ వేస్తూ తన వెనుక కూర్చున్నప్పుడు, నా ముఖం తనకు కనిపించనప్పుడు మాత్రమే చెప్పగలిగింది.

ఆ నెలలోనూ దాని మార్కులు తగ్గలేదు. ఆటస్థలానికి వెళ్లడానికి భయపడే పిల్లలకు పుస్తకమే చాటు కావచ్చు.

ఇక గట్టిపడటం. సమానులైన ఇద్దరు కొట్లాడుకుని మర్నాడు కలిసిపోవడం వేరు, బలం ఉన్నవారు ఎదురు తిరగలేని ఒకరిని పదేపదే కావాలని బాధించడం వేరు. ఈ తేడాను స్పష్టంగా నిర్వచించిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్, నార్వేలో 1983లో మొదలైన కార్యక్రమంలో ఉపాధ్యాయులనూ తల్లిదండ్రులనూ కలుపుకుని పనిచేయగా, బెర్గెన్ బడుల్లో వేధింపులు దాదాపు సగానికి తగ్గాయని నమోదు చేశారు. అక్కడ మారింది పెద్దల తీరు. పిల్లలను ఓర్చుకోమని వదిలేయలేదు.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలిచ్చింది. వాటి ప్రకారం 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరైనా ఉండాలి. మీ బడిలో ఆ వ్యక్తి ఎవరో ఈ వారమే అడిగి తెలుసుకోండి. బడి పట్టించుకోకపోతే పిల్లల సహాయ నంబరు 1098 ఏ వేళనైనా పనిచేస్తుంది.