డబ్బుకు వట్టం

ఇవాళ సొమ్మంతటికీ వాడే ‘డబ్బు’ అన్న మాట ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. ఉత్తర సర్కారుల (నేటి కోస్తాంధ్ర ప్రాంతం) కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో, 1797లో ఇంగ్లండులోని సోహో టంకశాలలో రాగి నాణేలు కొట్టించి, వాటి మీద ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో అచ్చువేయించింది. బజారు ఆ అచ్చును చూసి రేటు కట్టదు. నాణెంలోని రాగి దాని ముఖవిలువకు తూగనప్పుడు, అడిగినవాడికి ఖజానా అదే రేటున వెండి రూపాయి ఇస్తేనే ఆ విలువ నిలుస్తుంది. ఇవ్వకపోతే నాణేలు మార్చే షరాబు చెప్పిందే రేటు.

రూపాయికి 54 డబ్బులు నడుస్తున్నాయనుకుందాం. కూలి చేతికొచ్చేది రాగి, శిస్తు కట్టాల్సింది వెండి. రూపాయి శిస్తుకు ఆరు డబ్బులు వట్టం కిందే, అంటే నాణెం మార్పిడిలో పడే కోత కిందే పోతాయి. కిస్తు గడువు దగ్గరపడితే ఊరందరికీ ఒకేసారి వెండి కావాలి కాబట్టి వట్టం ఇంకా పెరుగుతుంది. ఏ చట్టంలోనూ రాయని ఈ పన్ను చిల్లరతో బతికేవాళ్ల మీదే పడింది.

1835 చట్టాలు కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి తెచ్చాయి. అది 180 గ్రెయిన్ల తూకం, అంటే సరిగ్గా తులం. రాగి పైసా 100 గ్రెయిన్లు, రూపాయికి 64. రూపాయి విలువను పైసల్లో మోయాలంటే 35 తులాల పైమాటే! పైగా రూపాయిలో భాగాలకు మాత్రమే రాగి చెల్లుతుందన్నారు. పైసా పైసా కూడబెట్టి రూపాయి బాకీకి తెస్తే అప్పిచ్చినవాడు పుచ్చుకోనక్కర్లేదు. అప్పులన్నీ రాగితో తీర్చేయకుండా ఆపే ఈ హద్దును మేము తప్పుపట్టం. అయితే హద్దు పెట్టిన సర్కారే చిల్లరను మార్చి ఇచ్చే బాధ్యతా మోయాలి.

2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలు వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయి. పది రూపాయల బిళ్ల 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో స్పష్టం చేసింది. అయినా మన ఊళ్లలో ‘నోటివ్వండి’ అనే కొట్లున్నాయి. తన దగ్గర పోగైన బిళ్లలు బ్యాంకులో కట్టగలనన్న ధీమా కొట్టువాడికి లేకపోవడం ఇందుకు పెద్ద కారణం. బిళ్లలను తూచి గానీ, వందేసి సంచుల్లో గానీ తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. ఆ మాట ప్రతి శాఖలో కౌంటరు ముందు తెలుగులో రాసిపెట్టాలి. పక్కనే ఒక త్రాసు కూడా ఉంచాలి.