ముద్దాయిలు: రెండు పాచికలు

రెండు పాచికలు విసిరి కాయలు నడిపే బ్యాక్‌గామన్ ఆట బల్ల దగ్గర నేను చూసినంతలో ఏ ఒక్కరూ స్వయంగా ఓడిపోలేదు. అందరినీ పాచికలే ఓడించాయి. ఆట మధ్యలో, కాయలు ఒకదాన్నొకటి కొట్టుకునే గందరగోళంలో ఈ అభియోగాన్ని కొంతవరకు సహించవచ్చు. కానీ ఇరుపక్షాలూ దాటిపోయి, ఎవరి కాయలను వారు సొంత ఇంటి ఆరు గడుల్లోకి చేర్చి బయటికి తీసుకోవడం, అంటే మన అష్టాచెమ్మా భాషలో పండించుకోవడం, మాత్రమే మిగిలిన దశలో కావలసింది రెండో తరగతి లెక్కలు. సరిగ్గా ఆ దశలోనే మనవారికి దైవభక్తి పెరుగుతుంది.

మొన్న ఒక పెద్దమనిషికి మూడు కాయలు మిగిలాయి: ఆరో గడిలో ఒకటి, నాలుగో గడిలో ఒకటి, రెండో గడిలో ఒకటి. ఎదుటివారికి ఒకటో గడిలో నాలుగు ఉన్నాయి. ఆయన పాచికల డబ్బాను చెవి దగ్గర ఆడించి విన్నారు. ఎడమ చేతిలోంచి కుడి చేతికి మార్చారు. ఉంగరం సరిచేసుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, లోపలికి ఊది, ఎదుటివారి టీ గ్లాసు గాలికి అడ్డంగా ఉందని దాన్ని పక్కకు జరిపించి, ఈ క్రతువంతా మళ్ళీ మొదటి నుంచి నిర్వహించి, ఎట్టకేలకు విసిరారు. నాలుగు, ఒకటి పడ్డాయి. నాలుగుతో నాలుగో గడి కాయను తీసేశారు. ఇక ఆ ఒకటితో ఆరులో ఉన్నదాన్ని ఐదుకు దింపాలా, రెండులో ఉన్నదాన్ని ఒకటికి దింపాలా? విసరడానికి అంతసేపు తీసుకున్న మనిషి ఈ నిర్ణయానికి రెప్పపాటు కూడా వెచ్చించలేదు. రెండును ఒకటికి దింపి, ‘చిన్నది తేలిగ్గా వెళ్ళిపోతుంది’ అన్నారు, రెండులో ఉన్నంతకాలం అదేదో బరువు మోస్తున్నట్టు.

రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. కాయలు ఐదులోనూ రెండులోనూ ఉంటే వాటిలో 19 రకాలకు రెండూ ఒక్క విసురుతో పండుతాయి. ఆరులోనూ ఒకటిలోనూ ఉంటే 15 రకాలకే పండుతాయి. దూరాల మొత్తం రెండు చోట్లా ఏడే అయినా, పాచికలు మొత్తాన్ని చూడవు, గడిని చూస్తాయి. ఎదుటివారు రెండు కాయలు తీసుకున్నారు. ఈయన క్రతువు మళ్ళీ సాంగోపాంగంగా జరిపి విసరగా ఐదు, నాలుగు పడ్డాయి. ఐదులోనూ రెండులోనూ ఉంటే ఆట గెలిచి టీ తెప్పించుకునేవారు. ఆరులో ఉంది కనుక ఒక కాయ మిగిలిపోయింది. ‘శకుని పాచికలండీ ఇవి’ అన్నారు.

శకుని అందరికీ గుర్తుంటాడు. దారిలో తాండ్ర చెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి, పాచికల మర్మమైన అక్షహృదయాన్ని నలుడికి నేర్పిన ఋతుపర్ణుడు మాత్రం ఏ ఓటమిలోనూ గుర్తుకు రాడు, ఎందుకంటే ఆయన విద్యలో లెక్కపెట్టడం ఉంది. పందెం రెట్టింపు చేసే ఘనం ముందుకు జరిగినప్పుడూ ఇదే తంతు. ఈ పరుగు దశలో ముందున్నవారి కాయలన్నీ బయటపడటానికి మిగిలిన దూరం 100 అయితే, ఎదుటివారిది 108 చేరినప్పుడు రెట్టింపు అడగవచ్చునని, 112 దాటనంత వరకు ఒప్పుకోవచ్చునని ఒక పాత కొండగుర్తు ఉంది. మన పెద్దమనిషి మీసాన్ని బట్టి ఒప్పుకుంటారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఆట కొత్తగా నేర్చుకుంటున్న ఒక కుర్రాడు పక్కనే కూర్చుని, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, ‘అంకుల్, ఆరును దింపి ఉంటే?’ అని అడిగాడు. ‘ఇదంతా అదృష్టం నాయనా, లెక్కలతో అయ్యేది కాదు’ అని ఆయన వాడి భుజం తట్టారు. ఇది పచ్చి అబద్ధం. తన బద్ధకాన్ని కప్పిపుచ్చుకోవడానికి, సరైన ప్రశ్న వేసిన పిల్లవాడి లెక్కను తుడిచేయడానికి ఈయనకు ఏం హక్కుంది? 1979లో మాంటీ కార్లోలో హాన్స్ బెర్లినర్ రాసిన, బ్యాక్‌గామన్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం నాటి ప్రపంచ ఛాంపియన్ లూయీజీ విల్లాను 7-1తో ఓడించింది. ఎత్తులన్నీ మళ్ళీ పరిశీలించి, విల్లాయే మెరుగ్గా ఆడాడని, తన ప్రోగ్రాంకు పాచికలు కలిసివచ్చాయని ఒప్పుకున్నది గెలిచిన బెర్లినరే. అదృష్టం మాట ఎత్తాలంటే ముందు అంత పని చేసి ఉండాలి. కుర్రాడు తలవంచుకుని కాయలు సర్దాడు.

పెద్దమనిషి మాత్రం దోషులకు శిక్ష ఖరారు చేశారు. కొత్త పాచికలు గురువారం వస్తున్నాయి.