సంతకం చూడాలా, సానరాయి ఎక్కించాలా?

(జపాన్‌లో ఒసాకా పక్కనున్న సకాయ్‌లో చేతితో చేసినదంటూ ఒక పాత ఉసుబా, అంటే ఒకవైపే పదును పెట్టే కూరగాయల కత్తి, అమ్మకానికి వచ్చింది. కొంటానని బావగారు, ఆగమని బావమరిది రాంబాబు.)

బావగారు: పిడి దగ్గర సంతకం చూశావా? అచ్చు గుద్దింది కాదు, ఉలితో చెక్కింది. ఒక్కో గీతా సన్నని గాట్ల వరుస. ఇంకేం రుజువు కావాలి?

రాంబాబు: చెయ్యి తిరిగినవాడి పనే, కాదనను. ఎవరి చెయ్యి, అన్నదే నా ప్రశ్న. సకాయ్‌లో కొలిమి దగ్గర సాగగొట్టేవాడు ఒకడు, సానబట్టేవాడు ఇంకొకడు, పిడి బిగించేవాడు వేరొకడు. కత్తి మీద పేరు చాలాసార్లు వీళ్లెవరిదీ కాదు, టోకు వర్తకుడిది. సమ్మెట ముట్టనివాడి పేరు చూసి మీరు కమ్మరిని మెచ్చుకుంటున్నారు.

బావగారు: అయితే ఏమిటట? నాసిరకం సరుకు మీద తన పేరు వేయించుకుంటాడా ఏ వర్తకుడైనా? ముద్ర విలువ ఆ ఊరికి కొత్తగా నేర్పాలా! పొగాకు తరిగే కత్తులు చేసిన రోజుల్లోనే షోగన్ల, అంటే అప్పటి సైనిక పాలకుల, ప్రభుత్వం ‘సకాయ్ కివామె’ అనే నాణ్యత ముద్ర ఇచ్చింది. 1982లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది.

రాంబాబు: ఆ గుర్తింపు ఊరి పనితనానికి, మీరు బేరమాడుతున్న కత్తికి కాదు. ఊరూపేరూ లేనివాడి ముద్రను ఎవడు దొంగిలిస్తాడు బావగారూ? ఇలాంటి కత్తికి ఇనుము మీద ఉక్కు అతుకుతారు; ఈ అలుగు చూడండి. మెత్తని ఇనుముకూ గట్టి ఉక్కుకూ మధ్య గీత రూళ్లకర్ర పెట్టి గీసినట్టుంది. కమ్మరి కొలిమిలో రెండూ అతికి సాగగొడితే ఆ గీత ఎక్కడో ఒకచోట వంకర తిరుగుతుంది. ఇది ఫ్యాక్టరీలో ముందే అతికించిన పలక కావచ్చు.

బావగారు: ‘కావచ్చు’! అలాంటి పలకనే కొని సమ్మెటతో సాగగొట్టే మంచి కమ్మరులు లేరా? వెన్ను చూడు, పిడి దగ్గర మందంగా మొదలై మొనకు పోయేకొద్దీ పలచబడింది. మొన కూడా గుండ్రంగా, ఒసాకా వైపు తీరులో ఉంది. టోక్యో తీరైతే చదరంగా ఉండేది.

రాంబాబు: తీరును ఎవరైనా దించుతారు. వెన్నును యంత్రంతోనైనా అరగదీస్తారు. తేలాలంటే సానరాయి మీద రుద్దాలి. ఇనుము మబ్బుగా, ఉక్కు మెరుపుగా విడివిడిగా కనబడాలి. యాసిడ్‌తో వేసిన దొంగగీత అయితే నాలుగు రుద్దులకే చెరిగిపోతుంది.

బావగారు: రుద్దాక మిగిలేది ఏముంది? ఇన్నేళ్లూ రాయి తగలకపోవడంలోనే దాని సగం ధర ఉంది. పట్టు అసలుదో కాదో తేల్చడానికి పోగు లాగి కాలుస్తారు గానీ, చీరను కాల్చరు నాయనా.

రాంబాబు: నేనూ పోగే అడుగుతున్నాను. పిడి దగ్గర వేలెడు మేర రుద్దనిమ్మనండి.

బావగారు: అమ్మేవాడు చచ్చినా ఒప్పుకోడు.

రాంబాబు: అయితే ఆ సంతకం కమ్మరిదో వర్తకుడిదో కాగితం మీద రాసిమ్మనండి. అదీ కుదరదంటే మామూలు కత్తి ధర ఇచ్చి తీసుకోండి.

బావగారు: మామూలు ధరకు ఇచ్చేస్తే నాకే అనుమానం వస్తుంది కదయ్యా!