నోటిమాటకు సాక్షి ఎవరు?

విశ్వాసానికి ప్రమాణం ‘లేఖనం మాత్రమే’, అంటే బైబిలొక్కటే, అనే ప్రొటెస్టెంట్లకు కతోలికులు వేసే ప్రశ్న పాతదే. కొత్త నిబంధనలో ఈ 27 పుస్తకాలే ఉండాలని ఏ వచనం చెప్పింది? ఏదీ చెప్పలేదు. సరిగ్గా ఈ 27 పేర్లతో మనకు దొరికే తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ 367లో రాసిన లేఖలోది. అంతెందుకు, ‘పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ధన్యము’ అన్న యేసు మాట నాలుగు సువార్తల్లోనూ లేదు. అపొస్తలుల కార్యములు 20:35లో పౌలు నోట వింటాం.

కాబట్టి నోటిమాట ముందు, రాత తర్వాత. ఇంతవరకూ పేచీ లేదు. కానీ ఇక్కడి నుంచి 1546లో కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ చెప్పినదాకా, అంటే రాతనీ రాయని సంప్రదాయాన్నీ సమాన భక్తితో స్వీకరించాలనేదాకా, వెళ్లగలమా? నాకు ఇరేనియస్ అడ్డొస్తాడు.

ఈయన రెండో శతాబ్దంలో లియోన్ (నేటి ఫ్రాన్స్) బిషప్పు. చిన్నప్పుడు స్ముర్న బిషప్పు పాలికార్ప్ బోధ విన్నాడు. పాలికార్ప్ యేసు శిష్యుడు యోహానును ఎరిగినవాడని ఇరేనియసే చెబుతాడు. అపొస్తలులు తమకు రహస్యంగా ఏదో చెప్పారని నాస్టిక్కులు (గుప్తజ్ఞానంతోనే రక్షణ అనే వర్గాలవాళ్లు) అంటుంటే, సుమారు 180లో రాసిన గ్రంథంలో, సంప్రదాయమంటే అన్ని సంఘాల్లో బాహాటంగా బోధించేదేనని గట్టిగా తిప్పికొట్టాడు. మంచి జవాబు. అదే గ్రంథంలో ఇంకోచోట, యేసు యాభైకి దగ్గరపడేదాకా బోధించాడని, ఆసియాలో యోహానుతో మెలిగిన పెద్దలే అలా చెప్పారని రాశాడు! దీన్ని ఇవాళ కతోలికులూ ఒప్పుకోరు. మధ్యలో ఉన్నది ఒకటి రెండు తరాలే. అంతలోనే మాట దారి తప్పింది. తప్పిందని మనం అనగలుగుతున్నామంటే, బోధ మొదలుపెట్టేనాటికి యేసుకు దాదాపు ముప్పై ఏళ్లని లూకా రాసిపెట్టబట్టే, ఆ బోధ కొద్ది ఏళ్లే సాగినట్టు సువార్తల్లో కనిపించబట్టే. సరిచూసుకోవడానికి అలాంటి రాత లేనిచోట ఏం చేయాలి? మరియమ్మ దేహంతో పరలోకానికి చేరిందని 1950లో పోపు 12వ పయస్ విశ్వాస సత్యంగా ప్రకటించినప్పుడు ప్రొటెస్టెంట్లు అడిగింది ఇదే.

అయితే అడిగినవాళ్ల ఇల్లూ అంత శుభ్రంగా లేదు. మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ‘రహస్య రాకడ’ను, అంటే శ్రమల కాలానికి ముందే యేసు వచ్చి విశ్వాసులను రహస్యంగా ఎత్తుకుపోతాడన్న బోధను, నేరుగా బైబిలు మాటగానే బోధిస్తారు. దాన్ని ఒక సిద్ధాంతంగా ప్రచారంలోకి తెచ్చింది 1830ల నుంచి బ్రిటిష్ బోధకుడు డార్బీ. 1909లో అమెరికన్ బోధకుడు స్కోఫీల్డ్ దాన్ని బైబిలు పేజీల్లోనే వివరణలుగా అచ్చు వేయించాడు. వచనానికీ ఆ వివరణకూ మధ్య గీత ఎక్కడుందో ప్రసంగం వినేవాళ్లకు ఎవరూ చెప్పరు. ట్రెంట్ కనీసం తన సంప్రదాయాన్ని సంప్రదాయమనే పిలిచింది.